ఎలియాజరు మాట్లాడిన సభ

సభ జరక్కముందే సభ వార్త రాసెయ్యడం దేవీప్రసాద్‌కి వెన్నతో పెట్టిన విద్య. అనకాపల్లిలో శారదాతీర రచయితల సంఘానికి ఆయన కార్యదర్శి అయినప్పట్నుంచీ అదే పద్ధతి. ఆదివారం సభ ఉందంటే శనివారం మధ్యాహ్నానికే వార్త తయారై విలేకరి పైడిరాజు చేతిలో పడాలి. పైడిరాజు ఆదివారం పూట బుచ్చయ్యపేటలో అత్తవారింట ఉంటాడు. లేకపోయినా సాహిత్య సభ ఛాయలకి రాడు. "జరిగేదెలాగూ అదే కదా గురూగారూ, ముందే రాసిచ్చీండి," అంటాడు. మాటకేం, నిజమే. అధ్యక్షులు అధ్యక్షత వహిస్తారు, ముఖ్య అతిథి పుస్తకం ఆవిష్కరిస్తారు, రచయిత స్పందిస్తారు, సభ్యులు పాల్గొంటారు. ఇందులో తప్పిపోవడానికి ఏముంది? అనకాపల్లిలో వాన రాకపోవచ్చు గానీ సూర్యనారాయణ గారు అధ్యక్షత వహించకపోవడం మటుకు ఉండదు.

ఆ శనివారం కూడా బెల్లం మార్కెట్లో వేలంపాట ముగిసి, దిమ్మలన్నీ లారీకెక్కాక, కమీషన్ కొట్టులో తన బల్ల దగ్గర కూర్చున్నాడు దేవీప్రసాద్. ఆయన అక్కడ గుమాస్తా. తెల్ల కాగితం, మధ్యలో కార్బన్, కింద ఇంకో తెల్ల కాగితం. బెల్లం జిడ్డు అంటకుండా ముందు చేతులు తడిగుడ్డతో తుడుచుకున్నాడు. ఈగలు వాలకుండా ఫ్యాను ఇటు తిప్పుకున్నాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా మీద తూకపురాయి పెట్టాడు. వార్త రాయడమంటే ఆయనకి పూజలో కూర్చోవడమే.

మర్నాటి సభ ఎలియాజరు పుస్తకానిది. పేరు 'చిమ్నీ కింది చేను', కథల సంపుటి. ఎలియాజరు పరవాడ అవతల ఒక పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. సంఘంలో ఎన్నేళ్ళ నుంచో సభ్యుడు. తెలిసినవాళ్ళని బతిమాలుకుని ఏ కంపెనీ బస్సో ఎక్కి ప్రతి సభకీ వచ్చేవాడు. ఆఖరి వరసలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఏదైనా చెప్పాలనిపిస్తే ముందు గొంతు సవరించుకునేవాడు, తలుపు మీద వేలితో తట్టినట్టు, చిన్నగా రెండుసార్లు. ఆ చప్పుడుకి ఎవరూ వెనక్కి తిరిగేవారు కాదు. దాంతో ఆయనా ఊరుకునేవాడు. వార్తల్లో ఆయన పేరు ఒక్కసారీ రాలేదు. ఆఖర్న 'తదితరులు పాల్గొన్నారు' అని ఉంటుందే, ఆ తదితరుల్లో ఉండేవాడు.

అందుకేనేమో ఆవేళ దేవీప్రసాద్ మనసు కాస్త మెత్తబడింది. పోనీలే పాపం, మనిషికి ఒక్కరోజు అనుకుని, రచయిత స్పందనని ఒక ముక్కలో తేల్చెయ్యకుండా ఏకంగా ఒక పేరా సాగదీశాడు. 'చూపు లేని మా అమ్మ మార్తమ్మ చెప్పిన కథలే నా చేత కలం పట్టించాయి, ఈ పుస్తకం నాది కాదు, మా అమ్మది' అంటూ ఎలియాజరు గద్గదస్వరంతో ప్రసంగించగా సభ కరతాళధ్వనులతో మార్మోగిందని రాశాడు. తల్లి మాట ఏ రచయితకైనా నప్పుతుంది. ఎలియాజరుకి మార్తమ్మ అనే ముసలి తల్లి ఉందనీ, ఆమెకి చూపు లేదనీ ఎప్పుడో విన్నాడు. పుస్తకం మటుకు తెరిచి చూడలేదు. ప్రెస్సు నుంచి వచ్చిన కట్టని వచ్చినట్టే చమ్కీ కాగితంలో చుట్టి ఎర్ర రిబ్బను కట్టేశాడు. ఆవిష్కరణ కట్టని ముఖ్య అతిథి విప్పాలి గానీ కార్యదర్శి విప్పకూడదు కదా!

ఆ రాత్రి ఎలియాజరు చనిపోయాడు.

ఆదివారం తెల్లవారుతూనే ఫోనొచ్చింది. గుండెపోటట. దేవీప్రసాద్ ముఖ్య అతిథిని విశాఖపట్నంలోనే ఆపేశాడు. లైబ్రరీ మేడ మీది హాలుకి పరిగెత్తి, వచ్చిన నలుగురినీ వెనక్కి పంపించాడు. సభ కోసం తెచ్చిన పుస్తకాల కట్టని కొట్టులో అటక మీద పడేసి, దండ కొనుక్కుని, సూర్యనారాయణ గారితో కలిసి ఆ పల్లెకి వెళ్ళాడు. ఇంటి ముందు షామియానా కింద, పెట్టెలో, ఎలియాజరు తెల్ల చొక్కాతో పడుకుని ఉన్నాడు. సభకని ఇస్త్రీ చేయించుకున్న చొక్కా అదేనని ఎవరో చెప్పుకుంటున్నారు. ఒక ముసలమ్మ పెట్టె అంచు పట్టుకుని, కొడుకు గుండెల మీద అరచెయ్యి పరిచి, "ఇంకా ఎచ్చగా ఉందర్రా, సూడండర్రా!" అంటోంది.

"ఎండమ్మా. ఈ ఎండలకి అలాగే ఉంటాది," అంటూ ఆమె చెయ్యి మెల్లగా తీశారు.

సాయంత్రం మట్టి చేస్తామన్నారు. అంతసేపు ఉండలేమని వీళ్ళిద్దరూ మధ్యాహ్నమే బస్సెక్కేశారు. దారి పొడుగునా దేవీప్రసాద్ ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూనే ఉన్నాడు.

అదేమిటో సోమవారం పొద్దున్న తెలిసింది. ఆయన భార్య శ్రీదేవి కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తూ, గ్లాసు కింద పెట్టేసింది.

"ఏవండీ, నిన్న మీరు దండేసొచ్చింది ఎవరికి?"

"ఎలియాజరుకి. చెప్పేను కదా."

"మరి ఈయన నిన్న సభలో మాటాడేడేటండీ?"

దేవీప్రసాద్ పేపరు లాక్కున్నాడు. జిల్లా పేజీలో 'ఘనంగా చిమ్నీ కింది చేను ఆవిష్కరణ'. ప్రతి అక్షరం తనదే. గద్గదస్వరం తనదే, కరతాళధ్వనులు తనవే. శనివారం ఇచ్చిన కాగితాన్ని వెనక్కి తీసుకోవాలన్న ధ్యాసే రాలేదు. అంతమందికి ఫోన్లు చేసినవాడు పైడిరాజుకి చెయ్యలేదు! చొక్కా అయినా వేసుకోకుండా గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చొక్కా వేసుకుని, బస్టాండు పక్క టీ దుకాణానికి పరుగెత్తాడు.

"కొంప ముంచేవు కదయ్యా!" అన్నాడు పైడిరాజుని చూడగానే.

"నేను ముంచేనా, మీరు ముంచేరా?" పైడిరాజు ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. "ఆయన పోయేరని నాకు ఒక్క ముక్క చెప్పేరా?"

"సరే, తప్పు నాదే. రేపు సవరణ వేయించు."

"సవరణంటే నేను సభకి వెళ్ళలేదని తేలిపోద్ది గురూగారూ. మర్నాడే నన్ను పీకీసి ఇంకోణ్ణి పెట్టుకుంటారు. పిల్లలు గలోణ్ణి, మీకు దణ్ణం పెడతాను. అయినా ఏం చెడ్డ రాసేమండీ? ఆయనకి పేరే కదా వచ్చింది."

అక్కణ్ణుంచి సూర్యనారాయణ గారింటికి వెళ్ళాడు. హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి, వీధి వరండాలో పడక కుర్చీలో కూర్చుని అదే వార్త చదువుకుంటున్నారు. మొహంలో తృప్తి కనబడుతోంది.

"నా అధ్యక్షోపన్యాసం బాగా వచ్చిందయ్యా," అన్నారు.

"సభే జరగలేదు కదండీ!"

"అది మనకి తెలుసు. పేపరుకి తెలీదు కదా." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిష్కరణ అయిపోయినట్టే. మళ్ళీ పెట్టేమంటే లేనిపోని ప్రశ్నలు. ఇప్పుడు చిక్కల్లా ఇంకోటి. మన సభ్యుడు పోతే మనం వార్త ఇవ్వకపోతే బాగోదు. ఇచ్చేమా, శనివారం పోయినవాడు ఆదివారం ఎలా మాటాడేడంటారు. అంచేత ఒక్క రోజు జరుపు. సభ ముగించుకుని ఇంటికెళ్ళి ఆదివారం రాత్రి పోయేడని రాసీ."

"తప్పు కదండీ?"

"పోయినవాడికి శనివారమైతే ఏటి, ఆదివారమైతే ఏటి? పైగా ఎంత గొప్ప చావయ్యా! పుస్తకం చేతికందుకుని మరీ పోయేడనుకుంటారు."

ఆ మాట అనేసి ఆయన కాఫీ కోసం లోపలికి కేకేశారు. దేవీప్రసాద్ ఇంకేం అనలేదు. అనవలసింది అక్కడేనని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మటుకు ఆయనకి ఒకటే తోచింది. పైడిరాజు ఉద్యోగం నిలబడుతుంది, సంఘం పరువు నిలబడుతుంది, తన మొహం నిలబడుతుంది. కొట్టుకొచ్చి చేతులు తుడుచుకుని కాగితం మీద తూకపురాయి పెట్టాడు. 'రచయిత ఎలియాజరు ఇక లేరు' అని శీర్షిక రాశాడు. 'ఆదివారం రాత్రి' దగ్గరికొచ్చేసరికి వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు, చిన్నగా, రెండుసార్లు.

తిరిగి చూశాడు. బెల్లం దిమ్మలు, వాటి మీద తాటాకు చాపలు, ఫ్యాను. మనిషన్నవాడు లేడు. కలం కాసేపు ఆగింది. తర్వాత, సిగ్గులేని కలం, రాసేసింది.

మంగళవారం ఆ వార్త కూడా అచ్చయింది. ఇక చూడాలి! జరగని సభ ఊళ్ళో జరగడం మొదలుపెట్టింది. బెల్లం కొనడానికొచ్చిన పరదేశి, సంఘంలో పద్యాలు రాసే మనిషి, బల్ల మీదికి వంగి, "ఎలియాజరు ఏం మాటాడేడండీ! వాళ్ళమ్మ గురించి చెప్తంటే నాకు కళ్ళంట నీళ్ళొచ్చీసేయి. అదే ఆఖరనుకోలేదు," అన్నాడు.

దేవీప్రసాద్ తెల్లబోయాడు. "నువ్వెక్కడున్నావయ్యా ఆవేళ?"

"అదేటండీ, నా పేరుంది కదా వార్తలో! వెనకాల కూర్చున్నాను."

వేళాకోళం కాదు. మనిషి కళ్ళు నిజంగానే చెమర్చాయి. అచ్చులో పేరు పడ్డాక అక్కడ లేకుండా ఎలా ఉంటాడు? పరదేశి లేకపోతే పరదేశి పేరు అబద్ధం అయిపోదూ!

సాయంత్రం సభకి కట్టిన బ్యానరు విప్పి తేవాలని దేవీప్రసాద్ లైబ్రరీ మేడ ఎక్కాడు. హాల్లో కుర్చీలన్నీ మడిచి గోడకి ఆనించి ఉన్నాయి, ఒక్కటి తప్ప. కిటికీ పక్కన, ఆఖరి వరస ఉండే చోట, ఒక కుర్చీ విప్పి ఉంది. ఆదివారం కంగారులో తనే కూలబడి ఉంటాడు అందులో. అలాగే అనుకున్నాడు. కానీ ఆ కుర్చీ కేసి చూస్తూ నిలబడేసరికి, ఆ సభ ఆయనకి గుర్తొచ్చింది! తెల్ల చొక్కాలో ఎలియాజరు మైకు ముందుకి రావడం, మైకు కిందికి వంచుకోవడం, 'మా అమ్మ' అనగానే గొంతు పూడుకుపోవడం, చప్పట్లు. తను రాయని వివరాలు కూడా గుర్తొచ్చాయి. బ్యానరు అలాగే వదిలేసి రెండేసి మెట్లు దిగిపోయాడు.

బుధవారం వేలంపాట ముగిసే వేళకి, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ కొట్టు ముందు నిలబడింది. "నేను ఎలియాజరు మేస్టారి ఇంటిదాన్నండి, దీవెనమ్మని," అంది. దేవీప్రసాద్ లేచి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. చేతిసంచీలోంచి కత్తిరించిన పేపరు ముక్కలు రెండూ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి రాసింది మీరేనా బాబూ?"

"నేనేనమ్మా."

"శనివారం రేత్రి నా ఒళ్ళో తలెట్టుకుని పోయేరు. ఆదివారం సాయంత్రం మట్టి సేసేం. ఇందులో ఆదివారం రేత్రి పోయేరని ఉంది." ఆవిడ గొంతు పెంచలేదు. "అంటే, బతికున్న మనిషిని పాతీసేమా బాబూ?"

దేవీప్రసాద్ బల్ల పట్టుకున్నాడు. ఒక్క రోజు జరపమన్నారు, జరిపాడు. ఆ రోజులో ఆ ఇంటివాళ్ళు ఏం చేశారో ఆయన లెక్కలోకే తీసుకోలేదు.

"నాకు తెలుసు, నా కళ్ళతో సూసేను కాబట్టి," అంది దీవెనమ్మ. "మాయత్తకి కళ్ళు లేవు. ఎవరో ఇవి సదివి ఇనిపించేరు. అప్పట్నించీ ముద్ద ముట్టలేదు. ఎచ్చగా ఉందని మొత్తుకుంటే ఇన్నారు కాదు, నా కొడుకు సబకెల్లి మాటాడొచ్చి అలిసిపోయి నిద్దరోతంటే పాతీసేరు, తవ్వి తియ్యండి అంటంది. పాస్టరు గారు సెప్పేరు, నేను సెప్పేను, ఇనదు. పేపరోల్లు అబద్దం రాత్తారేటి అంటాది. ఇది రాసినోరొచ్చి సెప్తేనే ఇంటాది. రేపు మా మందిరంలో ఆయన పేరు మీద ఆదరణ కూడిక. ఊరంతా ఉంటాది. వత్తారా బాబూ?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ముక్కలు బల్ల మీదే వదిలేసింది. ఫ్యాను గాలికి అవి కదులుతుంటే దేవీప్రసాద్ వాటి మీద తూకపురాయి పెట్టబోయి, చెయ్యి రాక ఆగిపోయాడు.

సూర్యనారాయణ గారికి ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఒంటికాలి మీద లేచారు. "మతి పోయిందేటయ్యా నీకు? ఊరందరి ముందూ సంఘం పరువు తీస్తావా? వెళ్ళేవంటే నువ్వు కార్యదర్శివి కాదు, చెప్తన్నాను."

"కానులెండి," అన్నాడు దేవీప్రసాద్. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆయనకే తెలీదు. పైడిరాజుకి మటుకు, "నీ పేరు ఎత్తనులే, అబద్ధం ఇచ్చింది నేనే కదా," అని కబురు చేశాడు.

మర్నాడు అటక మీంచి పుస్తకాల కట్ట దింపాడు. చమ్కీ కాగితం నిండా చీమలు. ఎంత దులిపినా కొన్ని రిబ్బను ముడి కిందే ఉండిపోయాయి. ఒళ్ళో ఆ కట్ట పెట్టుకుని పరవాడ బస్సులో కూర్చుంటే, కట్టలోంచి బెల్లం వాసన వస్తోంది. కిటికీలోంచి కంపెనీ చిమ్నీలు కనబడుతున్నాయి. ఎదర సీట్లో ఎవరు దగ్గినా ఆయన ఉలిక్కిపడుతూనే ఉన్నాడు.

మందిరం కిక్కిరిసి ఉంది. ముందు చాప మీద మార్తమ్మ గోడకి జారగిలబడి కూర్చుంది. నాలుగు మెతుకులు లోపలికి పోక మనిషి వత్తిలా అయిపోయింది. పాట అయ్యాక పాస్టరు గారు, "అనకాపల్లి రచయితల సంఘం నుంచి వచ్చిన అయ్యగారు రెండు మాటలు చెప్తారు," అని మైకు అందించారు. దేవీప్రసాద్ ఎన్ని సభల్లో ఎన్ని మైకులు పట్టుకోలేదు! ఇది మటుకు పట్టుకోబుద్ధి కాలేదు. దాన్ని పక్కన పెట్టేసి, వెళ్ళి మార్తమ్మ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. గొంతు మటుకు అందరికీ వినబడేలాగే ఎత్తాడు.

"అమ్మా, ఆ వార్తలు రాసింది నేను. ఆదివారం సభ జరగలేదు. నేను శనివారమే రాసిచ్చీసేను. మేస్టారు శనివారం రాత్రే పోయేరు. ఆదివారం రాత్రని రాసింది నా అబద్ధం. ఆ అబద్ధం కప్పెట్టుకోడానికి రాసిన అబద్ధం. మీరు మట్టి చేసింది పోయిన మనిషినేనమ్మా."

జనంలో కలకలం రేగింది. "సచ్చినోడి మీద కూడా రాత్తారేట్రా!" అంటూ ఒక కుర్రాడు పైకి లేచాడు. పాస్టరు గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. మార్తమ్మ గాల్లో తడుముకుంటూ దేవీప్రసాద్ చెయ్యి దొరకబుచ్చుకుంది.

"రాసింది ఈ సెయ్యేనా?"

"ఇదేనమ్మా."

"ఆదివారం ఆడు లేడా?"

"లేడమ్మా."

ఆమె ఊపిరి వదిలింది. లోపల బిగబట్టుకున్నదంతా దాంతో పోయినట్టు భుజాలు జారాయి. "అయితే మనం సరిగ్గానే సేసేమే దీవెనా," అంది. వెనక ఆడవాళ్ళెవరో ప్రభువుకి స్తోత్రం అన్నారు. దేవీప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాడు.

మార్తమ్మ ఆయన చెయ్యి వదల్లేదు. "మరా మాటో?" అంది.

"ఏ మాటమ్మా?"

"ఈ పుత్తకం మా యమ్మదని అన్నాడంట గదా నా కొడుకు, సబలో. అదో?"

అన్నాడమ్మా అంటే ఎవరి సొమ్ము పోతుంది? వేరే ఎప్పుడో నాతో అన్నాడమ్మా అంటే అడిగేవాడెవడు? ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది కూడా. దీవెనమ్మ స్తంభానికి ఆనుకుని ఆయన్నే చూస్తోంది.

"అదీ నేనే రాసేనమ్మా."

"ఆడనలేదా?"

"లేదమ్మా."

"సప్పట్లు?"

"లేవమ్మా."

ఆమె చెయ్యి మెల్లగా ఆయన చేతిలోంచి జారిపోయింది. ఆ ముఖం చూశాక దేవీప్రసాద్‌కి తను ఏం చేశాడో తెలిసింది. ఆదివారం సాయంత్రం మట్టి చేసేటప్పుడు తను లేడు. ఇప్పుడు తన చేత్తోనే మట్టి వేశాడు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మార్తమ్మే అడిగింది. "మరి ఆడేటన్నాడు? ఇంత పుత్తకం రాసేడు గదా. అందులో ఏటన్నాడు?"

దేవీప్రసాద్ పక్కన పెట్టుకున్న కట్ట కేసి చూశాడు. 'పల్లె జీవితాన్ని కళ్ళకు కట్టిన కథలు' అని వార్తలో రాశాడు గానీ, ఆ పుస్తకం అట్ట కూడా తెరవలేదు. దీవెనమ్మ కేసి చూశాడు.

"నాకూ తెలీదు బాబూ," అంది ఆవిడ. "అచ్చయ్యాక సదివి ఇనిపిత్తానన్నారు." వచ్చి కట్ట ముందు కూర్చుంది. రిబ్బను ముడి రాకపోతే పళ్ళతో కొరికి లాగింది. చమ్కీ కాగితం చింపితే చీమలు నాలుగు వైపులా పరుగెత్తాయి. ఒక పుస్తకం తీసి, కొంగుతో తుడిచి, అత్త ఒళ్ళో పెట్టింది. ఇంకోటి దేవీప్రసాద్ చేతిలో పెట్టింది. "సదవండి," అంది.

ఆయన మొదటి కథ తెరిచాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఏడ్చిన గొంతు పెగల్లేదు. సవరించుకున్నాడు, చిన్నగా, రెండుసార్లు.

మార్తమ్మ తల చటుక్కున ఇటు తిరిగింది. దీవెనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు తన గొంతులోంచి వచ్చిందేనని దేవీప్రసాద్‌కి తెలుసు. తెలిసినా ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"సెప్పు నాయనా," అంది మార్తమ్మ.

"'మా అమ్మకి చూపు పోయిన ఏడే మా చేలో కంపెనీ చిమ్నీ లేచింది. అది చూడలేదు కాబట్టి, మా అమ్మకి ఆ చేను ఇంకా అక్కడే ఉంది.'"

ముసలమ్మ పుస్తకం మీద అరచెయ్యి పరిచింది. పెట్టెలో కొడుకు గుండెల మీద పరిచినట్టే.

"ఆ యేడు కాదు," అంది. "మరుసటేడు. ఆడికెప్పుడూ యేళ్ళు గురుతుండవు."

జనంలో ఎవరో నవ్వారు, నవ్వుతూనే ముక్కు చీదుకున్నారు. ఒళ్ళో పుస్తకాన్ని ఆమె ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మొదట్నించీ సదువు. తొందర పడకు."

దేవీప్రసాద్ మళ్ళీ మొదట్నుంచీ చదివాడు.